పొరుగింటి దీపం

మా అమ్మకు 84 ఏళ్ళు. ఈ వయసులోనూ ఆమెకు గడియారంతో పనిలేదు. తూర్పు కిటికీ తెల్లబడితే లేస్తుంది, వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లుతుంది, నాలుగు గీతలతో చిన్న ముగ్గు పెడుతుంది. బెంగుళూరులో మాది నాలుగో తరం. కోలారు వైపు నుంచి మావాళ్ళు మూటాముల్లే సర్దుకుని వచ్చినప్పుడు తెచ్చుకున్నవాటిలో ఇప్పటికీ చెడకుండా మిగిలినవి ఇంట్లో మాట్లాడే తెలుగూ, ఈ వాకిట్లో ముగ్గూ మాత్రమేనని నాకనిపిస్తుంది.

కిందటేడు కార్తీకమాసంలో ఒక రాత్రి చీపురు చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. టైము రెండుంబావు. అమ్మ వాకిట్లో వంగి ఊడుస్తోంది. “ఇదేమిటమ్మా, ఇంత రాత్రివేళ?” అంటే, “తెల్లారింది గదరా, కిటికీ చూడు” అంది. వెళ్ళి చూశాను. ఆమె గది కిటికీ నిజంగానే తెల్లగా ఉంది. పక్కింటివాళ్ళు తమ మేడ పిట్టగోడకు కొత్తగా ఒక ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు బిగించారు. అది వాళ్ళ గేటు మీద ఎంత పడుతోందో మా అమ్మ మంచం మీదా అంత పడుతోంది.

మందపాటి కర్టెను వేశాం. ఊపిరాడనట్టుంటుందని ఆమె తీసేసింది. మరో రెండుసార్లు అర్ధరాత్రి లేచి వాకిట్లోకి వెళ్ళింది. రెండోసారి తడిమెట్టు మీద జారి మణికట్టు బెణికింది. ఎముక విరగలేదు కాబట్టి సరిపోయింది. ఇక పక్కింటికి వెళ్ళి మాట్లాడక తప్పదని నిశ్చయించుకున్నాను.

అయితే వెంటనే వెళ్ళలేదు. బ్యాంకు ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళుగా అబ్బిన జబ్బొకటి ఉంది నాకు. ఎవరితోనైనా ఒక మాట అనేముందు రూలేమిటో చూసుకోవాలి. ఆ రూలు వెతుకుతూ బయలుదేరినవాణ్ణి, ఎక్కడెక్కడికో పోయాను. ఆ ప్రయాణమే ఈ వ్యాసం.

మన దేశంలో ఇరుగుపొరుగుల హక్కుల గురించి 1882లో ఒక చట్టం వచ్చింది. ఈజ్‌మెంట్స్ యాక్టు అంటారు. మొదట మద్రాసు ప్రెసిడెన్సీకి, సెంట్రల్ ప్రావిన్సెస్‌కు, కూర్గుకు వర్తించింది. అందులో వెలుతురు గురించి స్పష్టంగానే రాశారు. ఒక ఇంటికి ఇరవై ఏళ్ళపాటు నిరాటంకంగా వెలుతురు వస్తూ ఉంటే, ఆ వెలుతురు పొందడం ఆ ఇంటివాడి హక్కవుతుంది. పక్కవాడు గోడ లేపి దాన్ని మూసేయడానికి వీల్లేదు. ఇది ఇంగ్లీషువాళ్ళ దగ్గరినుంచి వచ్చిన సూత్రం. అక్కడ 1832 నాటి చట్టంలోనూ ఇదే ఇరవై ఏళ్ళ గడువుంది. అంతకుముందు 1610లో ఆల్డ్రెడ్ అనే ఆయన, పక్కవాడు కట్టిన పందులదొడ్డి మీద వేసిన దావాలో కూడా ఈ ప్రస్తావన వచ్చింది. అందమైన దృశ్యం కనపడకుండా పోయిందని దావా వేయకూడదు గానీ, గాలీ వెలుతురూ పోతే వేయవచ్చునని అప్పుడు తేల్చారు.

నాకు ఆశ్చర్యం కలిగిందిక్కడే. వెలుతురు రాకుండా చేస్తే ఏం చేయాలో చట్టానికి నాలుగు వందల ఏళ్ళుగా తెలుసు. వద్దన్న వెలుతురు ఇంట్లోకి వచ్చిపడితే ఏం చేయాలో ఆ పెద్దలెవరూ ఆలోచించినట్టు లేదు. ప్లీడరు మిత్రుణ్ణి అడిగాను. “చప్పుడైతే 2000 సంవత్సరపు రూల్స్ ఉన్నాయి, రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటిదాకా. వెలుతురుకు అలాంటిదేమీ లేదు. మామూలు న్యూసెన్సు కింద సివిలు దావా వేసుకోవాలి. అమ్మగారి ఆయుష్షు నూరేళ్ళయితే తీర్పు వినొచ్చు” అన్నాడు. అతని హాస్యం ఎప్పుడూ ఇంతే.

పెద్దలు ఎందుకు ఆలోచించలేదన్నది నన్ను పట్టుకుంది. కామర్సు చదివినవాణ్ణి గనుక నాకు తోచిన జవాబు ధర. వెలుతురు ఖరీదైన వస్తువుగా ఉన్నంతకాలం ఎవడూ దాన్ని పక్కింటి గోడ మీద పారబోయడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మనవాళ్ళు ఊరికే అనలేదు. వెలిగే నూనెకు లెక్క ఉంది. దీపం ఆరిపోయిందన్న మాట కూడా నోట రానీయకుండా కొండెక్కిందన్నారు.

ఎంత ఖరీదో చెప్పే లెక్కలు రాళ్ళ మీదే ఉన్నాయి. తంజావూరు పెద్దగుడిని రాజరాజచోళుడు 1010 ప్రాంతంలో పూర్తిచేశాడు. ఆ గుడి గోడల మీది శాసనాల ప్రకారం ఒక్క దీపం నిత్యం వెలగడానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు ఇవ్వాలి. వాటిని తోలుకుపోయిన కాపరి రోజుకు ఒక ఉళక్కు నెయ్యి గుడికి కొలవాలి. తమిళ శాసనాల్లో ఈ గొర్రెలకు “సావా మూవా పేరాడు” అని పేరు. అంటే చావూ ముసలితనమూ లేని గొర్రెలు. గొర్రె చావకుండా ఉండదు కదా! చచ్చినదాని స్థానంలో మందలో పుట్టిన పిల్ల చేరాలి, లెక్క ఎప్పుడూ 96 దగ్గరే ఉండాలి, అదీ అర్థం. ఈ పద్ధతి చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. అసలు కదలకూడదు, వడ్డీ మాత్రం నెయ్యిగా రోజూ జమ కావాలి. మేము కౌంటర్లో కూర్చుని ఫిక్సెడ్ డిపాజిట్ గురించి చెప్పేదీ ఇదే. మన ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో కూడా అఖండదీపాల కోసం చేసిన దానశాసనాలు కోకొల్లలు.

ఇప్పుడు పక్కింటి దీపం లెక్క చూద్దాం. వత్తి దీపం వెలుగు సుమారు పది ల్యూమెన్లు అనుకోండి. 50 వాట్ల మంచి ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు ఐదువేల ల్యూమెన్లు ఇస్తుంది. అంటే 500 దీపాలు. దీపానికి 96 చొప్పున 48 వేల గొర్రెలు. రాజరాజచోళుడు కూడా కాస్త ఆలోచించి ఇవ్వవలసిన దానమిది! మా పొరుగాయనకు రాత్రికి పదకొండు గంటలు వెలిగినా అరయూనిట్ పైచిలుకు కరెంటు, నాలుగు రూపాయల లోపు ఖర్చు.

ఇలాంటి లెక్క నాకంటే ముందే, నాకంటే పద్ధతిగా వేసినవాడు విలియం నోర్డ్‌హాస్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త. 2018లో ఈయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1990లలో ఆయన పాతకాలపు మట్టి ప్రమిదలో నువ్వులనూనె పోసి వెలిగించి, మీటరు పెట్టి వెలుతురు కొలిచాడు. వెయ్యి ల్యూమెన్ల వెలుతురు ఒక గంటసేపు కావాలంటే ప్రాచీన బాబిలోనియా కూలివాడు సుమారు 40 గంటలు పనిచేయాలనీ, 1992 నాటి అమెరికన్ కార్మికుడికి అర సెకను పని చాలుననీ తేల్చాడు. అదీ ఎల్‌ఈడీలు రాకముందు మాట.

ధర ఒక్కసారిగా పడలేదు. మధ్యలో వీధిదీపం పుట్టింది. దాన్ని పుట్టించినవాళ్ళు పోలీసులు. 1667లో పారిస్ నగరానికి తొలి పోలీసు అధిపతిగా వచ్చిన లా రేనీ వీధులకడ్డంగా తాళ్ళు కట్టి కొవ్వొత్తి లాంతర్లు వేలాడదీయించాడు. ఖర్చు ఇళ్ళవాళ్ళ మీద పన్నుగా వేశారు. దీపం ముందే, దొంగలకు భయం కలగాలి, రాజుగారి కన్ను అందరి మీదా ఉండాలి. అందుకే లాంతరు పగలగొట్టినవాడికి అక్కడ కఠినమైన శిక్షలుండేవి. అప్పటికీ పొదుపు పొదుపే. నిండు వెన్నెల రాత్రుల్లో దీపాలు వెలిగించకుండా మిగుల్చుకునే అలవాటు యూరప్‌లోనూ అమెరికాలోనూ చాలా నగరాలకు గ్యాసు దీపాలు వచ్చాక కూడా పోలేదు. పంచాంగం చూసి దీపాల పద్దు రాసేవారన్నమాట.

మా కన్నడదేశానికి కరెంటు వచ్చిన తీరు చూడండి. కావేరి మీద శివనసముద్రం దగ్గర జలపాతం నుంచి విద్యుత్తు తీసే పని దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలైంది. ఆయన 1901లో పోయారు. 1902 జూన్ 30న కరెంటు బయలుదేరి 92 మైళ్ళ తీగల మీద నేరుగా కోలారు బంగారు గనులకు వెళ్ళింది. ఆ రోజుల్లో అంత దూరం కరెంటు పంపడం ప్రపంచంలోనే గొప్ప. దారిలో ఉన్న ఊళ్ళకు ఆ తీగలు కనిపించాయి గానీ దీపాలు కనిపించలేదు. బెంగుళూరు వీధుల్లో అప్పటికి కిరసనాయిలు దీపాలే. ఇక్కడ మార్కెట్టు దగ్గర తొలి విద్యుద్దీపం వెలిగింది 1905 ఆగస్టు 5న. ఆసియాలోనే మొదటిదని మావాళ్ళు అంటారు. కలకత్తావాళ్ళు ఒప్పుకోరు. ఆ తగవులోకి నేను దిగను.

మా తాతగారి బాల్యం బంగారుపేట చుట్టుపక్కల పల్లెలో గడిచింది. రాత్రిపూట గనుల వైపు ఆకాశం ఎర్రగా, చంద్రుడు ఉదయించబోతున్నట్టు ఉండేదట. ఆరుబయట పడుకున్న పిల్లలు దాన్ని చూస్తూ నిద్రపోయేవాళ్ళమని చెప్పేవారు. “దూరంగా ఉంటే దీపం బాగుంటుందిరా” అనేవారు. ఆ మాట అప్పట్లో నాకర్థం కాలేదు. 2001లో గనులు మూతపడ్డాయి.

దగ్గరికొచ్చిన కొత్త దీపం బాధ మొదట పడినవాళ్ళు ఆర్క్ దీపాల కాలంవాళ్ళు. రెండు బొగ్గు కడ్డీల మధ్య మంటలా లేచే ఆ వెలుగు కళ్ళు చెదిరేంత తెలుపు. 1878లోనే ఆర్. ఎల్. స్టీవెన్సన్ గ్యాసు దీపాలే మేలని, ఈ కొత్త వెలుగు పీడకలలకు తగినదని ధోరణిగా ఒక వ్యాసం రాశాడు. ఆ దీపాలను ఇళ్ళ మధ్య పెట్టలేక అమెరికాలో కొన్ని నగరాలు ఎత్తయిన ఇనుప గోపురాల మీద పెట్టాయి. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో 165 అడుగుల ఎత్తున అలాంటివి 31 నిలబెట్టి 1895లో వెలిగించారు. వెన్నెల గోపురాలని పేరు. తోటల్లో మొక్కజొన్న రాత్రింబవళ్ళు పెరిగిపోతుందేమోనని అక్కడి జనం భయపడ్డారని చెప్పుకుంటారు. మొక్కజొన్న సంగతి ఏమోగాని, రాత్రి రెండింటికి ఊడ్చే మా అమ్మను చూశాక ఆ జనాన్ని చూసి నవ్వాలనిపించలేదు.

ఈ కథలో అంతా తలకిందులైన ఘట్టం ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మద్రాసులో జనం ఇళ్ళు వదిలి పల్లెలకు పరుగులు తీశారు. కోస్తా అంతటా బ్లాక్‌అవుట్. కిటికీలకు నల్లకాగితం అంటించాలి, మోటారు దీపాలకు ముసుగు వేయాలి. ఏ ఇంటి సందులోంచి వెలుగు కనిపించినా వార్డెను వచ్చి తలుపు తట్టేవాడు. 1965లోనూ, 1971లోనూ యుద్ధం వచ్చినప్పుడు మళ్ళీ ఇదే జరిగింది. నీ కిటికీ వెలుగు నా ప్రాణానికి సంబంధించిన విషయమని జనం ఒప్పుకున్న రోజులవి. యుద్ధం అయిపోగానే ఆ జ్ఞానం కూడా నల్లకాగితాలతోపాటు చింపేశారు.

యుద్ధం లేనప్పుడు పొరుగు దీపం మీద ఫిర్యాదు చేస్తూ వచ్చినవాళ్ళు ఖగోళ శాస్త్రజ్ఞులే. వాళ్ళు ఫిర్యాదు చేయడం కంటే ఎక్కువగా ఇల్లు మారారు. హైదరాబాదు బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. ఊరు పెరిగి దీపాలు పెరిగాక, 48 అంగుళాల పెద్ద దూరదర్శినిని 1968లో ఊరికి దూరంగా రంగాపూర్‌లో పెట్టుకోవలసి వచ్చింది. ఆ నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, దేశంలో ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు. నక్షత్రాలు చూడటానికి చీకటి ఎక్కడుందని వెతికి ఆయన ఎంచుకున్నది తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరు. 1986లో అక్కడ ప్రారంభించిన 2.3 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు దాటింది.

శాస్త్రజ్ఞుడు కొండెక్కగలడు. మా అమ్మ ఎక్కడికి పోతుంది?

తెల్లటి ఎల్‌ఈడీకి మూలం నీలి వెలుగు. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని 1993లో జపాన్‌లో నకమురా బయటికి తెచ్చాడు. 2014లో అకసాకి, అమానోలతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. మన ప్రభుత్వం టోకున కొన్న ఎల్‌ఈడీ బల్బు 2014లో 310 రూపాయలుండగా 2017కి 38 రూపాయలకు దిగింది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నం తన వీధులన్నిటికీ ఎల్‌ఈడీలే పెట్టుకుంది. మిగులు నిజమే, కాదనను. కాని 1865లోనే జెవన్స్ బొగ్గు గురించి చెప్పిన సంగతి మా బి.కాం. పాఠాల్లో ఉండేది. తక్కువ బొగ్గుతో పని జరిగే యంత్రం వస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది. గేటుకు ఒక నలభై వాట్ల బల్బుండే ఇంటికి ఇవాళ నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు.

ఈ నీలి పాలున్న వెలుగే నిద్రకు ఎక్కువ చెరుపు. చీకటి పడ్డాక ఒంట్లో ఊరే మెలటోనిన్‌ను వెలుతురు ఆపేస్తుంది. చూపుతో పనిలేకుండా, పగలా రాత్రా అని మాత్రం మెదడుకు కబురుపెట్టే కణాలు కంట్లో వేరే ఉన్నాయని 2002లో తేలింది. వాటికి నీలి వెలుగంటేనే చురుకు. వయసుతో పసుపెక్కిన కంటి కటకం ఈ నీలాన్ని కొంత వడగడుతుంది. శుక్లాలు తీయించుకుని కొత్త కటకం పెట్టించుకున్నవాళ్ళకు ఆ వడకట్టు పోతుంది. మా అమ్మకు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. ఆమె తెల్లారిందనుకోవడం చాదస్తం కాదు, ఆమె కళ్ళు ఆమెకు సరైన కబురే చెప్పాయి.

చట్టాలు ఇప్పుడిప్పుడే మేలుకుంటున్నాయి. చెక్ దేశం 2002లో కాంతి కాలుష్యాన్ని చట్టంలోకి తెచ్చింది. బ్రిటన్ 2005లో చేసిన చట్టంతో ఇంటి బయటి దీపం కూడా పొరుగువారికి న్యూసెన్సు కావచ్చని ఒప్పుకుంది. రైల్వేస్టేషన్లకూ జైళ్ళకూ మినహాయింపు. మనదేశంలో లడఖ్‌లోని హాన్లే చుట్టూ 2022లో చీకటిని కాపాడే ప్రాంతాన్ని ప్రకటించారు. 2024లో మహారాష్ట్ర పెంచ్ అడవికి ఆ గుర్తింపు వచ్చింది. అడవికీ కొండకూ సరే, మా వీధికి ఇంకా రాలేదు.

ఇంత సరుకు బుర్రలో నింపుకుని ఒక ఆదివారం పక్కింటికి వెళ్ళాను. ఆయన రిటైరైన హైస్కూలు టీచరు, తుమకూరు వైపు కన్నడిగులు. వీధంతా ఆయన్ను మేష్ట్రు అనే పిలుస్తాం. మా మాటలు కన్నడంలోనే సాగాయి.

“మేనేజర్ సారూ, దసరాలో మా అబ్బాయి బండి గేటు ముందునుంచే ఎత్తుకుపోయారు. వాడేమో పుణేలో. రాత్రిళ్ళు మేమిద్దరమే. ఆ దీపం వెలుగుతుంటే మా ఇంటావిడకు నిద్రపడుతుంది” అన్నారు.

లా రేనీ నాటి సంగతే. ఆయనకు నిద్రపట్టించేదే మా అమ్మను లేపుతోంది. నేను అమ్మ మణికట్టు సంగతి చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. “నాకు తెలియదు సార్. మా ఇంట్లోంచి చూస్తే అది కనపడదు కదా” అన్నారు. ఆ రాత్రే వచ్చి అమ్మ మంచం మీద కాసేపు కూర్చున్నారు. చేతిలో కన్నడ వారపత్రిక పెడితే కళ్ళజోడు సవరించుకుని ఒక పేరా చదివేశారు కూడా.

“తీసేయమనకండి. కిందికి తిప్పిస్తాను” అన్నారు లేస్తూ. తర్వాత కొంచెం మొహమాటంగా, “మీరు తప్పుగా అనుకోకపోతే ఒక మాట. మీ గేటు మీది గాజుబుడ్డి లైటు పదిహేనేళ్ళుగా మా హాల్లో పడుతోంది. అందుకే ఆ కిటికీ మేము తెరవం” అన్నారు.

నా చరిత్ర పాఠమంతా గొంతులోనే ఆగిపోయింది. ఇంకో ఐదేళ్ళు ఊరుకుంటే నాకు ఇరవై ఏళ్ళ హక్కు వచ్చేదేమో అని ప్లీడరు మిత్రుడు తర్వాత ఏడిపించాడు.

మెయిన్ రోడ్డు మీది వెల్డింగు షాపులో రెండు రేకు టోపీలు చేయించాం. రేకు ఖర్చు ఆయనది, పనివాడి కూలి నాది. ఫ్లడ్‌లైటు ఇప్పుడు గేటునూ బండి నిలిపే చోటునూ చూస్తూ తల దించుకుంది. బల్బు కూడా పసుపు వెలుగుది మార్చమని అడిగాను గానీ, ఇది కాలిపోయాక చూద్దామన్నారు. ఎల్‌ఈడీ ఎప్పటికి కాలేను! మా గేటు దీపానికీ టోపీ వచ్చింది, పదిన్నరకు ఆర్పేస్తున్నాం. మేష్ట్రుగారింట్లో ఆ కిటికీ మొన్న తెరిచి ఉండగా చూశాను.

అమ్మ నెలరోజులు సరిగ్గా తెల్లారాకే లేచింది. కిందటి వారం మళ్ళీ మూడింటికి చీపురు చప్పుడయింది. ఈసారి వెలుగు వెనకవైపు నుంచి. అక్కడ కొత్తగా కట్టిన ఫ్లాట్లకు డాబా మీద రెండు దీపాలు పెట్టారు, పక్కింటిదాని కంటే పెద్దవి. ఆ ఫ్లాట్ల సెక్రటరీ ఎవరో ఇంకా కనుక్కోవాలి. మేష్ట్రుగారు తానూ వెంట వస్తానన్నారు.